పర్మిటు నుంచి బజారుకు: తెలుగు ప్రాంతంలో గుత్తేదారు – సామగ్రి సరఫరాదారుల సంబంధాల పరిణామం

వ్యాస సంగ్రహం

భవన నిర్మాణంలో గుత్తేదారు తన సామగ్రి సరఫరాదారును ఎలా ఎంచుకుంటాడన్నది పైకి వ్యాపారనైపుణ్యానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఆధునికయుగంలో తెలుగు ప్రాంతపు నిర్మాణ చరిత్రను పరిశీలిస్తే, ఈ ఎంపిక ఎక్కువ కాలం గుత్తేదారు చేతిలో లేదని తెలుస్తుంది. సున్నం, ఇటుక వాడిన కాలంలో భౌగోళిక సామీప్యం, సిమెంటు నియంత్రణ కాలంలో ప్రభుత్వ పర్మిటు, నియంత్రణ తొలగిన తరువాత ఉద్దెర ఈ సంబంధాన్ని నిర్ణయించాయి. ఈ మార్పుల వెంట కట్టడపు నాణ్యతకు జవాబుదారీ ఎవరన్న విషయం కూడా ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: గుత్తేదారు, సరఫరాదారు, గానుగ సున్నం, సిమెంటు నియంత్రణ, లెవీ, ఉద్దెర, ఇసుక విధానం.

1. ప్రవేశిక

ఒక కట్టడపు చరిత్రలో కట్టించిన ప్రభువు పేరు, రూపకల్పన చేసిన ఇంజనీరు పేరు నిలుస్తాయి. దానికి సున్నం ఎవరు కాల్చారు, ఇటుక ఏ బట్టీ నుంచి వచ్చింది, ఆ సరుకుకు సొమ్ము ఎప్పుడు ముట్టింది అన్న వివరాలు చరిత్రకు ఎక్కడం అరుదు. కట్టడం నిలవడానికీ కూలడానికీ కారణాలు చాలావరకు ఈ వివరాలలోనే ఉంటాయి.

తెలుగులో కంట్రాక్టరుకు పత్రికాభాష స్థిరపరచిన మాట ‘గుత్తేదారు’. ఒక పనిని గానీ ఆదాయాన్ని గానీ నిర్ణీత మొత్తానికి ఒప్పుకొని దానిపై హక్కు పొందడం ‘గుత్త’. శిస్తు వసూలు, సారా అమ్మకం, రేవు ఆదాయం వంటివాటిని పూర్వం గుత్తకు ఇచ్చేవారు. అదే మాట నుంచి ఒకరే బజారును చేజిక్కించుకోవడాన్ని సూచించే ‘గుత్తాధిపత్యం’ కూడా ఏర్పడింది. పని ఒప్పుకున్నవాడికీ సరుకుపై పెత్తనం చేసేవాడికీ ఒకే ధాతువు నుంచి పేర్లు రావడం ఈ వ్యాస విషయానికి సంబంధించినదే. నిర్మాణరంగంలో గుత్తేదారు ఎంపిక ఎప్పుడూ మరొకరి గుత్తాధిపత్యపు హద్దులలోనే జరిగింది. ఆ గుత్తాధిపత్యం ఒక కాలంలో ప్రభుత్వానిది, మరొక కాలంలో కంపెనీలది.

2. స్థానిక సామగ్రి: చేరువే ఎంపిక

సిమెంటుకు ముందు నిర్మాణ సామగ్రి దాదాపు అంతా స్థానికమే. రాయి సమీపంలోని కొండది, ఇసుక వాగుది, ఇటుక ఊరి చివరి బట్టీది. సున్నపురాయిని కాల్చి, చల్లార్చి, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరితే గానుగ సున్నం తయారయ్యేది. తెలంగాణలో డంగు సున్నం అన్న మాట నేటికీ వినిపిస్తుంది. బరువైన సరుకును బండ్ల మీద, పడవల మీద తరలించవలసిన కాలంలో దూరం పెరిగినకొద్దీ సరుకు విలువను మించి కూలి పడేది. కాబట్టి సరఫరాదారును ఎంచుకోవడమంటే చాలా సందర్భాలలో దగ్గరున్న వనరును అంగీకరించడమే.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఇందుకు పెద్ద ఉదాహరణ. ఆర్థర్ కాటన్ నిర్వహణలో సాగిన ఈ నిర్మాణానికి ధవళేశ్వరం కొండల రాయే ప్రధాన సామగ్రి. కొండ దగ్గర గనులు తెరిచి, నది వరకు పట్టాలు వేసి రాయిని తరలించారు. ఇంజనీర్లే కూలీలను కుదుర్చుకొని, గనులను నడిపి, సున్నాన్ని సమకూర్చుకొన్నారు. ఇక్కడ నిర్మించేవారూ సామగ్రిని సమకూర్చేవారూ ఒకరే. ఆ తరువాతి దశాబ్దాలలో ప్రజాపనుల శాఖ విస్తరించి, టెండరు పద్ధతి స్థిరపడినకొద్దీ పని ఒకరిది, సామగ్రి మరొకరిది అయ్యే వ్యవస్థ రూపుకట్టింది.

స్థానిక సామగ్రికి ఒక ముఖ్యలక్షణం ఉంది. దాని నాణ్యతను పనివారు ఇంద్రియాలతోనే పరీక్షించగలిగేవారు. రెండు ఇటుకలను తాకిస్తే ఖంగుమని మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఇసుకను అరచేతుల మధ్య నలిపితే మట్టి అంటకూడదు. సున్నం ఎంత కాలిందో నీళ్లు పోసినప్పుడు అది పొంగే తీరే చెప్పేది. మేస్త్రీకి ఉన్న ఈ జ్ఞానమే సరఫరాదారుపై అదుపు. పైగా బట్టీ యజమాని అదే ఊరివాడు కాబట్టి, చెడ్డ సరుకు ఇస్తే ఆ మాట ఊరంతా పాకేది.

3. సిమెంటు రాక: కంటికి అందని నాణ్యత

భారతదేశంలో సిమెంటు తయారీకి 1904లో మద్రాసులో జరిగిన ప్రయత్నం నిలవలేదు. 1914లో పోర్‌బందరులో ఉత్పత్తి మొదలయ్యాక పరిశ్రమ వేళ్లూనింది. నిజాం రాజ్యంలోని షాబాదు, నేలపై పరిచే బండల వల్ల తెలుగు ఇళ్లలో ఇంటిపేరులా మారిన ఊరు. అక్కడి సున్నపురాయి నిక్షేపాల ఆధారంగా సిమెంటు కర్మాగారం కూడా వెలిసింది. 1936లో ఏర్పడిన ఆంధ్రా సిమెంట్ కంపెనీ విజయవాడ కేంద్రంగా తీరాంధ్రలో ఉత్పత్తి చేపట్టింది. 1958లో మాచర్లలో మరొక కర్మాగారం వచ్చింది.

సిమెంటు రాకతో గుత్తేదారు, సరఫరాదారుల మధ్య కొత్త దూరం ఏర్పడింది. బస్తాలోని పొడిని చూసి, తాకి తెలుసుకోగలిగింది కొద్దే. గడ్డలు కట్టిందా, చేయి పెడితే చల్లగా తగులుతోందా అన్నవి తేమకు సంబంధించిన సూచనలు మాత్రమే. అసలు బలం 28 రోజుల తరువాత ప్రయోగశాలలో తేలుతుంది. అప్పటికి ఆ సిమెంటు స్తంభంలోనో కప్పులోనో చేరిపోయి ఉంటుంది. మేస్త్రీ చేతిలోని పరీక్షాధికారం ఆ విధంగా కర్మాగారానికి, ప్రమాణాల సంస్థకు బదిలీ అయింది.

విక్రయరంగంలోనూ కేంద్రీకరణ మొదటినుంచీ ఉంది. 1925లో ఉత్పత్తిదారుల సంఘం, 1930లో ఉమ్మడి విక్రయ సంస్థ ఏర్పడ్డాయి. 1936లో పలు కంపెనీలు కలిసి ఎ.సి.సి.గా అవతరించాయి. ఊరి బట్టీల మధ్య ఎంచుకోవడానికి అలవాటుపడిన గుత్తేదారుకు సిమెంటు విషయంలో ఎదురైంది ముందే తమలో తాము ఒప్పందానికి వచ్చిన అమ్మకందారులు.

కొనుగోలును నియంత్రించే చట్టం కూడా ఈ కాలపుదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొనేవాడు తన ప్రయోజనాన్ని అమ్మేవాడికి తెలిపి, అతని నైపుణ్యంపై ఆధారపడి కొంటే, సరుకు ఆ ప్రయోజనానికి తగి ఉండాలన్న షరతు అంతర్లీనంగా ఉంటుంది. ఫలానా వ్యాపారనామం గల సరుకే కావాలని అడిగి కొన్నప్పుడు ఈ తగినతనపు షరతు వర్తించదు. సరుకు వాణిజ్యయోగ్యంగా ఉండాలన్న షరతు మాత్రం వేరుగా నిలుస్తుంది. బ్రాండు పేరు చూసి కొనడం భద్రమని నమ్మే నేటి కొనుగోలుదారు ఈ రక్షణలో ఒక భాగాన్ని తెలియకుండానే వదులుకుంటున్నాడు.

4. నియంత్రణ కాలం: సరఫరాదారే ఎంచుకున్న కొనుగోలుదారు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మొదలైన సిమెంటు నియంత్రణ స్వాతంత్ర్యం తరువాత ప్రణాళికాయుగపు అవసరాలతో బలపడింది. 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషనుకు అదే ఏడాది సిమెంటు పంపిణీ బాధ్యత అప్పగించారు. 1966 ఆరంభంలో నియంత్రణను సడలించి, 1968 ఆరంభంలో తిరిగి విధించారు. రవాణా ఖర్చును దేశమంతటా సమానంగా పంచే విధానం వల్ల కర్మాగారం పక్కనున్న స్టేషనులోనూ వందల మైళ్ల దూరంలోని స్టేషనులోనూ సిమెంటు ధర ఒకటే అయింది.

ఈ సమాన ధర విధానపు ఫలితం గమనించదగినది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్‌కు చేరువలోనే మాచర్ల కర్మాగారం ఉంది. ధవళేశ్వరంలో కొండ చేరువ కావడం నిర్మాణవ్యయాన్ని తగ్గించింది. సిమెంటు విషయంలో మాత్రం చేరువకు ధరలో విలువ లేకుండా పోయింది. గుత్తేదారు శతాబ్దాలుగా వాడిన మొదటి కొలమానం ఆ విధంగా చట్టం వల్ల రద్దయింది.

ప్రభుత్వ పనులలో సిమెంటును, ఉక్కును శాఖే సరఫరా చేయడం ఆ కాలపు సాధారణ పద్ధతి. గుత్తేదారు ఇండెంటు పెడితే శాఖ గోడౌను నుంచి బస్తాలు వచ్చేవి. ఒప్పందంలో నిర్ణయించిన ధర ప్రకారం ఆ సొమ్మును బిల్లులలో కోసుకునేవారు. ఖాళీ గోనె సంచులకూ లెక్క ఉండేది. కొలతల పుస్తకంలో నమోదైన పనికి ఎంత సిమెంటు పట్టాలో గణించి, వాడకం దానికి భిన్నంగా ఉంటే జరిమానా ధరతో రికవరీ చేసేవారు. అంటే గుత్తేదారుకు సరఫరాదారు ఉన్నాడు గాని, ఎంపిక లేదు. ధర ఉంది గాని, బేరం లేదు.

దీనివల్ల బాధ్యత రెండుగా చీలింది. సరుకు శాఖది కాబట్టి, సిమెంటు పాతబడి బలం తగ్గినా, గోడౌనులో తేమ పట్టినా గుత్తేదారు వేలు చూపడానికి అవకాశం దొరికింది. సరఫరా ఆలస్యమైతే గడువు పొడిగింపు కోరేవాడు. అనేక ఒప్పంద వివాదాలకు ఇదే మూలం. మరొకవైపు, శాఖ ఇచ్చే ధరకూ బ్లాకు ధరకూ మధ్య ఉన్న వ్యత్యాసం ప్రలోభంగా మారింది. 1:2:4 పాళ్ల కాంక్రీటు ఒక ఘనపు మీటరుకు సుమారు 6.4 బస్తాల సిమెంటు పడుతుంది. అందులో అర బస్తా మిగిల్చినా 100 ఘనపు మీటర్లకు 50 బస్తాలు బయటి బజారుకు చేరతాయి. కాగితం మీద లెక్క సరిపోతుంది. నష్టం కట్టడంలో దాగి ఉంటుంది. కొరతను న్యాయంగా పంచాలన్న ఆశయంతో వచ్చిన నియంత్రణ నాణ్యతను దొంగిలించడానికి దారి తెరిచింది.

సొంత ఇల్లు కట్టుకునేవారి స్థితి ఇంకా కష్టమైనది. పర్మిటు కోసం కార్యాలయాల చుట్టూ తిరగాలి. అది చేతికి వచ్చాక డీలరు వద్ద సరుకు ఉండాలి. ఆ డీలరు ఎవరో పర్మిటే చెప్పేది. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలన్నది అమ్మేవాడి చేతిలో ఉన్నప్పుడు, కొనేవాడు సరఫరాదారును ఎంచుకుంటున్నాడనడం కంటే సరఫరాదారే కొనేవాడిని ఎంచుకుంటున్నాడనడం వాస్తవానికి దగ్గర. ఈ అధికారపు రాజకీయ పర్యవసానం మహారాష్ట్రలో బయటపడింది. సిమెంటు కేటాయింపులకూ ట్రస్టులకు బిల్డర్లు ఇచ్చిన విరాళాలకూ సంబంధం ఉందని బొంబాయి హైకోర్టు 1982 జనవరిలో తీర్పు ఇవ్వడంతో ముఖ్యమంత్రి ఎ.ఆర్.అంతూలే రాజీనామా చేశారు.

5. నియంత్రణ తొలగింపు: బజారు, ఉద్దెర

ఆ తీర్పు వెలువడిన నెలన్నరకు, 1982 ఫిబ్రవరి 28న, పాక్షిక వినియంత్రణ అమలులోకి వచ్చింది. పాత కర్మాగారాలు తమ ఉత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు లెవీగా ఇచ్చి, మిగిలింది స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు. కొత్త వాటికి లెవీ భాగం సగమే. 1989 మార్చి 1న పూర్తి వినియంత్రణ జరిగింది. 1981–82లో సుమారు 2.1 కోట్ల టన్నులున్న దేశీయ ఉత్పత్తి ఆ దశాబ్దం ముగిసేసరికి 4 కోట్ల టన్నులు దాటింది. సున్నపురాయి విస్తారంగా ఉన్న నల్గొండ, కర్నూలు, కడప, గుంటూరు జిల్లాలు ఈ విస్తరణలో ప్రధానకేంద్రాలయ్యాయి. ఉక్కుపై ధరల నియంత్రణ 1992 జనవరిలో తొలగింది. విశాఖ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనదీ అదే ఏడాది.

సరుకు సమృద్ధి కావడంతో ఎంపిక తొలిసారిగా గుత్తేదారు చేతికి వచ్చింది. ఆ ఎంపిక ధర, నాణ్యతలపైనే ఆధారపడిందనుకుంటే పొరపాటు. గుత్తేదారు పని స్వభావమే ముందు ఖర్చు, తరువాత రాబడి. టెండరు వేసినప్పుడు ధరావతు కట్టాలి. పని చేశాక కొలతలు తీయాలి. బిల్లు కార్యాలయాల గుండా సాగి మంజూరు కావాలి. ఈ వ్యవధిలో పని ఆగకుండా నిలిపేది సరఫరాదారు ఇచ్చే ఉద్దెర. ప్రభుత్వం గుత్తేదారుకు బకాయి పడితే, గుత్తేదారు డీలరుకు, డీలరు కంపెనీకి బకాయి పడతారు. అందువల్ల గుత్తేదారుకు మంచి సరఫరాదారు అంటే బాకీ పెరిగినా లారీ ఆపనివాడు.

ఉద్దెరకు మూల్యం ఉంటుంది. నగదు ధరకూ ఉద్దెర ధరకూ ఉన్న తేడాలో వడ్డీ కలిసి ఉంటుంది. ఖాతా పేరుకున్న గుత్తేదారు, వచ్చిన సరుకులో లోపం కనిపించినా వెనక్కి పంపడానికి జంకుతాడు. లోడు తిప్పి పంపితే పాత బాకీ మాట ముందుకొస్తుంది. నియంత్రణ కాలంలో పర్మిటు చేసిన పనిని ఈ కాలంలో ఖాతా పుస్తకం చేసింది: రెండూ కొనుగోలుదారు అభ్యంతరాన్ని మూయించాయి. పలువురు సరఫరాదారుల వద్ద కొద్దికొద్దిగా కొనే గుత్తేదారుకు సరుకు తిరస్కరించే స్వేచ్ఛ మిగులుతుంది గాని, కొరత వేళ ఎవరూ అతనికి ముందుగా సరుకు ఇవ్వరు. ఒక్కరినే నమ్ముకున్నవాడికి కొరతలోనూ సరుకు అందుతుంది గాని, ధర అడిగే చనువు తగ్గుతుంది. అనుభవం ఉన్న గుత్తేదారులు సిమెంటు, ఉక్కు వంటి ప్రధాన సామగ్రికి ఒకరిద్దరితో దీర్ఘకాలిక ఖాతా నడుపుతూ, ఇటుక, కంకర వంటివాటికి పలువురిని పోటీ పెట్టడం ఈ రెండు ఇక్కట్ల మధ్య కుదిరిన రాజీ.

బాధ్యత మాత్రం స్పష్టమైంది. సామగ్రిని గుత్తేదారే కొనాలన్న ఒప్పందాలలో సరుకు లోపమూ అతనిదే. కర్మాగార పరీక్షాపత్రం, ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన వారం, నిల్వ కాలం చూసుకోవడం అతని వంతు. మూడు నెలలు దాటిన సిమెంటును తిరిగి పరీక్షించాకే వాడాలన్నది నిర్మాణరంగంలో స్థిరపడిన నియమం. మేస్త్రీ చేతి పరీక్ష స్థానంలోకి కాగితపు రుజువు వచ్చింది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలయ్యాక మరొక రుజువు చేరింది. కొనుగోలుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోవాలంటే సరఫరాదారు తన లెక్కలు సక్రమంగా దాఖలు చేయాలి. ఊరి బట్టీలో రసీదు లేకుండా కొన్న ఇటుక ఎంత గట్టిదైనా, లెక్కల్లో గుత్తేదారుకు భారమే.

6. కొత్త గుత్తాధిపత్యంపై గుత్తేదారుల ఫిర్యాదు

నియంత్రణ తొలగితే పోటీ దానంతటదే వస్తుందన్న ఆశ పూర్తిగా నెరవేరలేదు. 1941లో ఏర్పడిన భారత బిల్డర్ల సంఘం, సిమెంటు కంపెనీలు కుమ్మక్కై ఉత్పత్తిని, ధరలను నియంత్రిస్తున్నాయని కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ 2012 జూన్‌లో పలు కంపెనీలపై మొత్తం సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విధానపరమైన కారణాలతో 2015లో ఆ ఉత్తర్వు రద్దయింది. కమిషన్ 2016లో తిరిగి జరిమానా విధించగా, 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దానిని సమర్థించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

సరఫరాదారుల ప్రవర్తనను గుత్తేదారులు సమష్టిగా చట్టం ముందు నిలబెట్టిన ఈ ఉదంతం చరిత్రలో ఒక మలుపు. పర్మిటు కాలంలో వారి ఫిర్యాదు అధికారికి విన్నపంగా వెళ్లేది. ఇప్పుడు అది హక్కుగా కమిషన్ ముందుకు వెళ్లింది. విడిగా ఒక గుత్తేదారు తన డీలరును మార్చుకోగలడు. డీలర్లందరి వెనుక ధర ఒకే చోట నిర్ణయమవుతున్నప్పుడు ఆ మార్పుకు అర్థం లేదన్న గ్రహింపు ఈ ఫిర్యాదుకు ఆధారం.

7. ఇసుక: వెనక్కి తిరిగిన చరిత్ర

సిమెంటు పర్మిటు నుంచి బజారుకు నడిస్తే, ఇసుక బజారు నుంచి పర్మిటుకు నడిచింది. ఒకప్పుడు వాగులో దొరికే ఇసుకకు బండి కూలి, ఎత్తుడు కూలి తప్ప పెద్ద ధర ఉండేది కాదు. పట్టణ విస్తరణతో గిరాకీ పెరగడం, భూగర్భజలాల రక్షణ అవసరం, 2002 నాటి వాల్టా చట్టం వంటి కారణాల వల్ల తవ్వకంపై నియంత్రణ బిగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో మహిళా సంఘాలకు రీచ్‌లు అప్పగించారు. 2016లో ఉచిత ఇసుక ప్రకటించారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థకు, 2021లో ప్రైవేటు సంస్థకు అమ్మకాలు మారాయి. 2024లో మళ్లీ ఉచిత విధానం వచ్చింది. తెలంగాణలో ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా ఆన్‌లైన్ బుకింగ్ స్థిరపడింది.

పదేళ్లలో ఇన్నిసార్లు సరఫరాదారు మారితే గుత్తేదారు ఏ సంబంధాన్నీ నిలుపుకోలేడు. 2019లో వరదలు, విధానమార్పు కలిసివచ్చి ఇసుక దొరకనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నిర్మాణాలు మందగించాయి, కూలీలు పనులు కోల్పోయారు. గోడౌనులో నిల్వ చేసుకోగల పెద్ద సంస్థ తట్టుకుంది. లారీ లెక్కన కొనుక్కునే చిన్న మేస్త్రీ తట్టుకోలేకపోయాడు. ఈ ఒడుదొడుకుల మధ్య రాతిపొడి నుంచి తయారయ్యే రోబో ఇసుక వాడకం పెరిగింది. ఇసుక విషయంలో కొలత కూడా వివాదమే. తడి ఇసుక పొడి ఇసుక కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఘనపరిమాణం లెక్కన తడి ఇసుక కొన్నవాడికి నిజానికి తక్కువ ఇసుక ముడుతుంది. పాళ్లు కొలిచేటప్పుడు దానిని సవరించుకోకపోతే కాంక్రీటులోనూ ఇసుక తగ్గుతుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది: గుత్తేదారు ఎంపిక కొరత ఆకారాన్ని అనుసరిస్తుంది. రవాణా కొరతగా ఉన్నప్పుడు చేరువను, సరుకు కొరతగా ఉన్నప్పుడు పర్మిటును, పెట్టుబడి కొరతగా ఉన్నప్పుడు ఉద్దెరను చూసి సరఫరాదారును ఆశ్రయించాడు. రెండవది: నాణ్యతను గుర్తించే శక్తి మేస్త్రీ చేతి నుంచి ప్రయోగశాలకు, అక్కడినుంచి కాగితానికి చేరింది, చేతికి అందే పరీక్షలు మిగిలిన ఇటుక, ఇసుకల విషయంలోనైనా ఆ వృత్తిజ్ఞానాన్ని నిలుపుకోవలసి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశాల కృషి వంటిది నిర్మాణరంగపు పరీక్షా పదజాలంపై నేడు మరింత అవసరం.

మూడవది ముఖ్యమైనది. సామగ్రిని తిరస్కరించే స్వేచ్ఛ లేనివాడిని నాణ్యతకు జవాబుదారీ చేయడం ఆచరణలో ఫలించదు. పర్మిటు కాలం దీనిని రుజువు చేసింది. బిల్లులు సకాలంలో చెల్లని నేటి పరిస్థితి, బాకీపడిన గుత్తేదారును మరొక రూపంలో అదే స్థితికి నెడుతోంది. బడిగదికో ఆసుపత్రికో కప్పు వేస్తున్న రోజున, అనుమానం ఉన్న లోడును వెనక్కి పంపగలిగే ధైర్యం గుత్తేదారుకు ఉందా లేదా అన్నది అతని నిజాయితీతో పాటు, అతనికి రావలసిన బిల్లు ఏ బల్ల మీద ఆగి ఉందన్న దానిపైనా ఆధారపడి ఉంటుంది.